ప్రైవేటు బడిలో 25 శాతం ఉచిత సీటు: దరఖాస్తు నుంచి 8వ తరగతి దాకా

విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులు ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఆ పిల్లల్ని 8వ తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించాలి. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అంటే ఆ సీటు మీ బిడ్డ హక్కు. బడివాళ్ల దయ దాకా పోనక్కర్లేదు. ఇక్కడ చెప్పే దరఖాస్తు పద్ధతి ఆంధ్రప్రదేశ్‌ది. సెక్షన్లు మాత్రం ఏ రాష్ట్రంలోనైనా అవే.

ఎవరికి ఎన్ని సీట్లు

ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతాన్ని నాలుగు భాగాలు చేశారు. అనాథలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగిలిన 6 శాతం బీసీ, మైనారిటీ, ఓసీల్లోని పేద కుటుంబాలకు. ఒకటో తరగతిలో 40 సీట్లున్న బడి 10 సీట్లు ఇవ్వాలి. అందులో ఎస్సీలకు 4 వస్తాయి. ఎస్టీల వాటా లెక్కకు 1.6, పేద వర్గాలది 2.4. చిన్న బడుల్లో ఈ భిన్నాలను ఎటు సర్దుతారన్న దాని మీద ఒక బిడ్డ సీటు తేలిపోతుంది. అందుకే బడి మొత్తం సీట్లు ఎన్నో ముందే తెలుసుకోండి.

చట్టం నిర్వచనాల్లో ఒక తేడా ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలు 2(డి) కింద 'ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గం'. ఆ నిర్వచనంలో ఆదాయం ప్రస్తావన లేదు. ఆదాయ పరిమితి 2(ఇ) కింద వచ్చే బలహీన వర్గానిది. అయినా కౌంటర్ దగ్గర వాదన పెట్టుకునే కన్నా కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం రెండూ తీసి పెట్టుకోవడం మేలు. పరిమితి ఎంతో ఆ ఏటి ప్రవేశాల నోటిఫికేషన్‌లో చూసుకోండి. గ్రామానికి, పట్టణానికి వేర్వేరుగా ఉంటుంది.

ఈ నిబంధన మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దగ్గర్లో ఉందని అలాంటి బడిని మొదటి ఎంపికగా పెట్టుకుంటే ఆ ఎంపిక వృథా.

కాగితాలు: డిసెంబరులోనే మొదలుపెట్టండి

నోటిఫికేషన్ వచ్చాక గడువు కొన్ని వారాలే. పేరు సవరణకు అంతకన్నా ఎక్కువ రోజులు పట్టొచ్చు. ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఈ రెండే.

ఒకటి, పేరు తేడా. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే. లేదా తండ్రి పేరు రేషన్ కార్డులో ఒకలా, కుల ధ్రువపత్రంలో మరోలా. ఆన్‌లైన్ ఫారం ఏ పేరుతో నింపుతారో ఆ పేరే అన్నింటిలో ఉండాలి. బిడ్డ ఆధార్‌ను జనన ధ్రువపత్రానికి సరిపెట్టండి. పెద్దయ్యాక కూడా జనన ధ్రువపత్రమే ఆధారమవుతుంది.

రెండోది చిరునామా. పని కోసం పట్టణానికొచ్చి అద్దెకుంటున్న కుటుంబాల ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామానే ఉంటుంది. సీటు దగ్గర్లోని పిల్లలకు ముందు ఇస్తారు కాబట్టి, పట్టణంలో ఉన్నా మీరు దూరపు కుటుంబంగా లెక్కలోకి వెళ్తారు. ఆధార్ మారేలోగా అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటి వాటిలో ప్రస్తుత చిరునామా ఉన్నది ఒకటి సిద్ధం చేసుకోండి. అద్దె ఒప్పందం లేకపోతే ఇంటి యజమానితో ఇప్పుడే రాయించుకోండి.

జనన ధ్రువపత్రం లేదని బిడ్డను తిప్పి పంపకూడదు. 14వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. ఆసుపత్రి రికార్డు, ఏఎన్‌ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, ఇవేవీ లేకపోతే తల్లిదండ్రుల ప్రమాణపత్రం వయసుకు రుజువుగా చెల్లుతాయి. అంగన్‌వాడీ కార్యకర్త దగ్గర రిజిస్టరు నకలు తీసుకోవడం అన్నింటికన్నా తేలిక.

వయసు లెక్క బడి సిలబస్‌ను బట్టి మారుతుంది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులకు, రాష్ట్ర సిలబస్ బడులకు కటాఫ్ తేదీ ఒకటి కాదు. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఒక బడికి సరిపోయిన వయసు పక్క బడికి సరిపోకపోవచ్చు.

దరఖాస్తు

పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైట్‌లో సొంతంగా పెట్టొచ్చు. గ్రామ, వార్డు సచివాలయంలోనూ, మండల విద్యాధికారి (ఎంఈవో) కార్యాలయంలోనూ పెట్టిస్తారు. ఎవరు నింపినా, సమర్పించే ముందు స్క్రీన్ మీద నాలుగు సంగతులు మీ కళ్లతో చూడండి: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, కులం, మ్యాప్‌లో మీ ఇల్లు. ఆపరేటరు తొందరలో ఇంటి గుర్తును సచివాలయం మీదే పెట్టేస్తే దూరం లెక్క మొత్తం తప్పుతుంది. ఫోన్ నంబరు తప్పనిసరిగా మీదే ఉండాలి. సీటు వచ్చిన సమాచారం దానికే వస్తుంది. దరఖాస్తు నంబరున్న ప్రింటు తీసుకోకుండా కుర్చీలోంచి లేవకండి.

ఒక్క పేరున్న బడినే నమ్ముకోవద్దు. మంచి పేరున్న బడికి అందరూ పెడతారు, సీట్లు తేల్చే లాటరీలో పోటీ ఎక్కువవుతుంది. నడిచి వెళ్లగలిగే బడులన్నీ చేర్చండి. బస్సు ఫీజు ఉచితంలోకి వస్తుందని అనుకోవద్దు. ఉచిత సీటొచ్చాక ఆటో ఖర్చు భరించలేక రెండో ఏడే మాన్పించిన పిల్లలు ఉంటారు.

సీటొచ్చాక బడి గేటు దగ్గర

లాటరీలో పేరు రావడంతో పని పూర్తవదు. చెప్పిన తేదీలోగా బడికెళ్లి చేర్పించి, అడ్మిషన్ నంబరు రాయించుకోవాలి. ఆ గడువు దాటితే సీటు తర్వాతి వారికి పోతుంది.

బడివాళ్ల నుంచి సాధారణంగా వినబడే మాటలు మూడు. 'ప్రభుత్వం మాకు డబ్బు కట్టలేదు' అన్నది మొదటిది. 12(2) కింద ఆ చెల్లింపు బడికీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం. దానికి మీ బిడ్డను ఆపే వీల్లేదు. 'చిన్న పరీక్ష రాయించాలి' అంటారు. 13వ సెక్షన్ ప్రకారం పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఎంపిక పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి రూ.25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50,000 దాకా జరిమానా. మూడోది 'అడ్మిషన్ ఫీజు', 'బిల్డింగ్ ఫండ్'. ప్రకటించిన ఫీజు కాకుండా వసూలు చేసే డొనేషన్ ఏదైనా క్యాపిటేషన్ ఫీజే. తీసుకుంటే దానికి పది రెట్ల దాకా జరిమానా వేయొచ్చు.

ఇక్కడ గొడవ పడకండి. 'మీరు చెప్పింది కాగితం మీద రాసివ్వండి' అని అడగండి. చాలామంది రాసివ్వరు. అప్పుడు తేదీ, సమయం, ఎవరు ఏమన్నారో అదే రోజు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎంత చిన్న మొత్తం కట్టినా రసీదు తీసుకోండి. రసీదు లేని డబ్బు మీద ఫిర్యాదు నిలబడటం కష్టం.

చేరిన తర్వాత తరగతి గదిని గమనించండి. ఈ పిల్లల్ని వేరే సెక్షన్‌లో, వేరే వేళల్లో కూర్చోబెట్టకూడదని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. లైబ్రరీ, కంప్యూటర్లు, ఆటల్లోనూ తేడా చూపకూడదు. ఇది అన్నింటికన్నా బాధాకరమైన ఉల్లంఘన, పట్టుకోవడమూ కష్టమే. బిడ్డ తనంతట తాను చెప్పదు. నీ పక్కన ఎవరు కూర్చుంటారు, మీ గదిలో ఎంతమంది, ఫొటో దిగిన రోజు నువ్వెక్కడున్నావు అని మామూలు కబుర్లలో అడిగితే తెలుస్తుంది.

ఫిర్యాదు

32వ సెక్షన్ కింద రాతపూర్వక ఫిర్యాదు స్థానిక అధికార సంస్థకు (పంచాయతీ, మున్సిపాలిటీ లాంటివి) ఇవ్వాలి. వారు మూడు నెలల్లో తేల్చాలి. న్యాయం జరగలేదనుకుంటే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు. ప్రతులు ఎంఈవోకి, జిల్లా విద్యాధికారికి (డీఈవో) కూడా ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు నంబరు దొరుకుతుంది.

ఒక పేజీ చాలు. దరఖాస్తు నంబరు, బడి పేరు, ప్రతి బడికీ ఉండే 11 అంకెల యూడైస్ కోడ్, జరిగిన తేదీలు, ఏ సెక్షన్‌కు విరుద్ధమో, మీరు కోరేది ఏమిటో రాయండి. 'చర్య తీసుకోగలరు' అని ముగిస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. 'ఫలానా తేదీలోగా ఒకటో తరగతిలో చేర్చుకునేలా ఆదేశించండి' అని అడగండి. మీ దగ్గరుండే నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి.

సీట్లు లేవని బడి అంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ బడి ఒకటో తరగతి మొత్తం సీట్లు, 12(1)(సి) కింద చూపినవి, వర్గాలవారీగా నిండినవి, ఈ మూడు లెక్కలు అడిగితే చాలు. జవాబుకు 30 రోజుల గడువు. దారిద్ర్య రేఖకు దిగువనున్న కుటుంబాలకు ఫీజు లేదు, రుజువు నకలు జతచేయాలి.

ఇల్లు మారితే, 8వ తరగతి అయిపోతే

బడి మారే హక్కు 5వ సెక్షన్‌లో ఉంది. అయితే అది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లోకి మారడానికే. మరో ప్రైవేటు బడిలోకి ఈ ఉచిత సీటు మీతో రాదు. పనికోసం తరచూ ఊళ్లు మారే కుటుంబాలు దరఖాస్తుకు ముందే దీన్ని ఆలోచించుకోవాలి.

ఉచితం 8వ తరగతితో ఆగుతుంది. 9వ తరగతి మొదటి రోజే అదే బడి పూర్తి ఫీజు అడగొచ్చు. పేద పిల్లలకు కేంద్రం ఏడాదికి రూ.12,000 ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షను నమ్ముకుందామంటే, అది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ప్రైవేటు బడిలో ఉచిత సీటులో ఉన్న బిడ్డ ఎంత పేదైనా రాసే వీల్లేదు. కాబట్టి 7వ తరగతిలోనే దారి చూసుకోండి. నవోదయలో 9వ తరగతి ఖాళీలకు ప్రవేశ పరీక్ష ఉంది, 8వ తరగతి చదువుతుండగా రాయాలి. ఎస్సీ పిల్లలకు 9, 10 తరగతుల్లో ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. రెండూ కాకపోతే దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో 9లో చేర్చండి. ఆ బడి ప్రధానోపాధ్యాయులను 8వ తరగతి వేసవి సెలవులకు ముందే కలిసి, టీసీ ఎప్పటికి కావాలో అడిగి ఉంచుకోండి. పాత బడి టీసీ ఆలస్యం చేసినా, ఆ కారణంతో కొత్త బడి ప్రవేశాన్ని ఆపకూడదన్నది 8వ తరగతి లోపు మార్పులకే చట్టంలో ఉంది. 9లో చేర్చేటప్పుడు టీసీ చేతిలో ఉండాలి.