భజన హార్మోనియం శ్రుతి మీరే సరిచేసుకోవాలంటే

మా సింగరాయకొండకు సముద్రం దగ్గర. ఉప్పుగాలికి హార్మోనియంలో ఇత్తడి రీడ్లు, అంటే గాలికి అదిరి స్వరం పలికే రేకులు, చిలుమెక్కుతాయి. అన్నీ ఒకేలా తప్పితే బాధే లేదు. ఒకటి కిందికి, దాని పక్కది పైకి పోతేనే తలనొప్పి. అందుకే ఏటా ధనుర్మాసానికి ముందు మా భజన పెట్టె విప్పుకుని కూర్చుంటాను.

ముందే గీకకండి, కొలవండి. రీడ్లను పాత టూత్ బ్రష్‌తో మెల్లగా దులిపి, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకోండి. మెట్టుకు రెండు రీడ్లుంటే ముందున్న గుబ్బ నెట్టి ఒక వరసే పలికించండి. ఒక్కో మెట్టు ఎన్ని సెంట్లు (స్వరం ఎత్తును కొలిచే చిన్న కొలత) తేడాగా ఉందో కాగితం మీద రాయండి. మెట్టుకూ మెట్టుకూ మధ్య 100 సెంట్లు. తిత్తి మాత్రం ఒకే తీరుగా ఆడించాలి, లేకపోతే అంకె నిలవదు.

పోయినేడు నా కాగితంలో స 6 ఎక్కువ, రి 7, మ 5, ప 6 ఎక్కువ. గ 11 తక్కువ, ద ఏకంగా 21 ఎక్కువ. యాప్‌లో సున్నా రావాలని అన్నిటినీ గీకేవాళ్లున్నారు. అనవసరం. చాలా రీడ్లు ఏ అంకె దగ్గర ఉన్నాయో అదే మన సున్నా. శ్రుతిబాక్స్‌ను ఆ 6 సెంట్లకు కలుపుకుంటే సరి. ఇక గీకాల్సినవి రెండే.

రీడు కింద సన్న రేకు దోపండి. స్వరం పెరగాలంటే కొన దగ్గర, తగ్గాలంటే రివెట్ దగ్గర గీకాలి. రెండు గీతలు గీకడం, బిగించడం, పలికించి చూడడం. ఒక్కో రీడుకు ఏడెనిమిది సార్లయినా పడుతుంది. టీ పక్కన పెట్టుకోండి.

చెవి ఉన్నవాళ్లకు ఇంకో గండం ఉంది. తంబురా మంద్రం తీగలో దానంతటదే పలికే అంతర గాంధారం (పై గ) హార్మోనియం గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది. మహా తీపి. ఒకసారి ఆ మోజులో గ రీడును అక్కడికి దించాను. ఒకటి శ్రుతిలో, అంటే మొదటి తెల్లమెట్టు షడ్జమంగా పాడితే, అద్భుతంగా ఉంది. ముక్కోటి ఏకాదశి రాత్రి ఒక పెద్దాయన మూడు శ్రుతి అడిగారు. అప్పుడు ఆ మెట్టే షడ్జమం! పంచమం కలపగానే రెండూ గజగజ వణికాయి. ఆయన పద్యం ఆపి నా వంక చూశారు. పన్నెండు మెట్లూ సమానమైన ఎడంలో ఉంటేనే ఎవరు ఏ శ్రుతి అడిగినా ఇవ్వగలం. తెల్లారి గుడి అరుగు మీదే కూర్చుని, కొన గీకి గ ను మళ్లీ పైకి తెచ్చాను.