పాత మానిటర్‌ని కొత్త డెస్క్‌టాప్‌కి కలిపే ముందు జాగ్రత్తలు

ముందు మానిటర్ వెనక ఏ పోర్టు ఉందో చూడండి. మూడు వరసల్లో 15 రంధ్రాలుంటే అది వీజీఏ. దానికి కావాల్సింది అనలాగ్ సిగ్నల్, కొత్త కంప్యూటర్ల నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ ఏమో డిజిటల్, కాబట్టి మామూలు కేబుల్ సరిపోదు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ తీసుకోవాలి.

కొనేటప్పుడు దిశ తప్పకుండా చూసుకోండి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది కావాలి మనకి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది కానీ ఇక్కడ పనికిరాదు, డబ్బు దండగ.

కలిపే ముందు రెండూ ఆఫ్ చేసేయండి. కేబుల్ పిన్నులు వెలుతురులో పెట్టి చూడండి, ఒక్కటి వంగి ఉన్నా బలవంతంగా నొక్కొద్దు, విరిగితే రంగు మారిపోవడమో బొమ్మ రాకపోవడమో జరుగుతుంది. మధ్య వరసలో ఒక పిన్ లేకపోతే మాత్రం టెన్షన్ వద్దు, చాలా వీజీఏ కేబుళ్లు అలాగే తయారవుతాయి.

విడిగా గ్రాఫిక్స్ కార్డు (బొమ్మని తెరకి పంపే కార్డు) ఉంటే కేబుల్ దానికే పెట్టండి, మదర్‌బోర్డు (కంప్యూటర్ ప్రధాన బోర్డు) పోర్టుకి కాదు.

ఇప్పుడు కంప్యూటర్‌కి పెట్టి ఉన్న మానిటర్ తీసేయక ముందే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ (తెర మీద చుక్కల లెక్క) 1024×768కి, రిఫ్రెష్ రేటు (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) 60 హెర్ట్జ్‌కి తగ్గించి పెట్టుకోండి. లేదంటే పాతది 'అవుట్ ఆఫ్ రేంజ్' అని చూపించి ఊరుకుంటుంది, తెర కనపడకుండా మార్చడం నిజంగా కష్టం.

పాత మానిటర్ డబ్బాలాంటి సీఆర్‌టీ (గాజు పిక్చర్ ట్యూబ్ ఉన్నది) అయితే వెనక మూత ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ పీకేసినా లోపల వేల వోల్టుల ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.