తిట్టుకోకుండా అలవాటు మార్చుకోవడం ఎలా?

గోళ్లు కొరకడం మానేస్తానని నేను పెట్టుకున్న ఒట్లకు లెక్క లేదు. వేళ్లకు చేదు మందు పూసుకున్నాను, నాలుగు రోజుల్లో నాలుక ఆ చేదుకే అలవాటు పడింది. ప్లాస్టర్లు చుట్టుకుంటే వాటినే కొరికాను. చివరికి ఆ అలవాటు పోయింది వేరే దారిలో. తర్వాత అదే దారిలో రాత్రిపూట ఫోన్ చూడటం, టెన్షన్ వస్తే ఆకలి లేకపోయినా ఏదో ఒకటి నమలడం తగ్గించుకున్నాను. దగ్గరివాళ్లు కొందరికి నేర్పాను కూడా. పద్ధతి చిన్నదే, కానీ దాదాపు అందరూ ఒకే చోట పాడుచేస్తారు. ఈ వ్యాసం ఆ ఒక్క చోటు కోసం. మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముందుగా ఒక మాట. రోజూ బాగా తాగేవాళ్లు, ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు ఇది చదివి ఉన్నట్టుండి ఆపేయకండి. శరీరం వాటి మీద ఆధారపడిపోయాక ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. డాక్టర్‌తో మాట్లాడి ఆయన చెప్పినట్టు తగ్గించుకోవాలి.

కావలసినవి

జేబులో పట్టే నోట్‌బుక్, పెన్సిల్. అంతే. అలవాట్లు లెక్కపెట్టే యాప్‌లు వద్దు. గీత పెడదామని ఫోన్ తీసి, అరగంట తర్వాత ఎందుకు తీశామో మర్చిపోయి జేబులో పెట్టుకుంటాం. నోట్‌బుక్‌లో గీతలు లేని కాగితాలే ఉండాలి. పెన్ను కూడా పనికిరాదు, పెన్సిలే. ఎందుకని అడగకండి, నాకు అలాగే పనిచేసింది.

1. ఒక్క అలవాటు పట్టుకోండి

ఒక్కటే. "ఆరోగ్యంగా ఉండాలి" అనేది అలవాటు కాదు, కోరిక. కెమెరా పెడితే అందులో కనిపించే పని అయ్యుండాలి. "పడుకున్నాక ఫోన్ చేతిలోకి తీసుకోవడం" అని రాస్తే సరిపోతుంది. "ఫోన్ ఎక్కువ చూడటం" అంటే ఎక్కడ మొదలవుతుందో మీకే తెలియదు.

2. వారం రోజులు ఏమీ మార్చకండి

అలవాటు జరిగిన ప్రతిసారీ ఒక గీత పెట్టండి. పక్కన టైము, ఎక్కడున్నారు, సరిగ్గా దానికి ముందు ఏం జరిగింది అన్నది రెండు మూడు మాటల్లో రాయండి. ఈ వారం మానే ప్రయత్నం చేయకూడదు. ఈ మాట ఎవరూ వినరు, మూడో రోజుకే "సగం తగ్గింది" అంటూ సంబరపడతారు. తమను తాము లెక్కపెట్టుకుంటున్నప్పుడు మనుషులు కొంత మారడం మామూలే. అది నిలవదు. వారం పూర్తి చేయండి.

రాసి తీరాలి, గుర్తుపెట్టుకుంటాను అంటే కుదరదు. అమెరికాలో వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పాల్గొన్నవాళ్లు గంటగంటకూ తాము ఏం చేస్తున్నారో, మనసులో ఏం ఆలోచిస్తున్నారో రాశారు. వాళ్లు చేసిన పనుల్లో సుమారు 43 శాతం దాదాపు రోజూ అదే చోట చేసేవే, అది కూడా మనసు చాలావరకు ఇంకెక్కడో ఉండగా. మనసు అక్కడ లేనప్పుడు జరిగిన పని జ్ఞాపకంలో ఎలా ఉంటుంది? రోజుకు నాలుగైదుసార్లు గోళ్లు కొరుకుతానేమో అనుకునేవాణ్ని. మొదటి రోజు నోట్‌బుక్‌లో ఇరవై మూడు గీతలు పడ్డాయి.

3. ఆ క్షణాన్ని పట్టుకుని, చూస్తూ ఉండండి

అందరూ పాడుచేసేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

మొదట్లో అలవాటును మీరు అది జరిగిపోయాకే పట్టుకుంటారు. వేలు నోట్లోంచి బయటికి వచ్చాక, "అరె, మళ్లీ" అని తెలుస్తుంది. దాన్ని ఓటమి అనుకుంటారు. కాదు, గమనించడం మొదలైంది. కొన్ని రోజులకు మధ్యలో తెలుస్తుంది. ఇంకొన్ని రోజులకు చెయ్యి పైకి లేస్తుండగా తెలుస్తుంది. ఆ తర్వాత ఒకనాడు, చెయ్యి ఇంకా కదలకముందే, లోపల ఏదో గుంజినట్టు ఉండటం తెలుస్తుంది. మనకు కావలసింది ఆ గుంజుడు. ఈ వరుస దానంతట అదే వస్తుంది, తోస్తే రాదు. నేథన్ ఆజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో గోళ్లు కొరకడం లాంటి వాటికి చికిత్స ప్రకటించినప్పుడు అందులో మొదటి భాగం ఈ గమనింపే. చెయ్యి ఎలా లేస్తుంది, ఏ వేలు ముందు వెళ్తుంది, దేని తర్వాత మొదలవుతుంది అని మనిషి చేతే వివరంగా చెప్పించేవారు.

గుంజుడు తెలిసిన వెంటనే మనం చేసే తప్పు తిట్టుకోవడం. "సిగ్గు లేదా, ఇన్ని రోజులైంది" అని లోపల ఒక గొంతు మొదలవుతుంది. అది క్రమశిక్షణ అని మీ నమ్మకం. నా లెక్కలో అది కూడా అలవాటులో భాగమే. నా నోట్‌బుక్ తిరగేస్తే సగం గీతల పక్కన ముందు జరిగింది అన్నచోట "నన్ను నేను తిట్టుకున్నాను" అని ఉంది. తిట్టుకుంటే మనసు కుంగుతుంది, కుంగిన మనసు ఊరట వెతుక్కుంటుంది, దానికి తెలిసిన ఊరట ఆ అలవాటే. గోరుచుట్టు మీద రోకలిపోటు మనమే వేసుకుంటున్నాం. 2010లో కెనడాలో విద్యార్థుల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లే రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు.

రెండో తప్పు, గుంజుడును అణచడం. "ఆలోచించను, ఆలోచించను" అనుకుంటే అదే వస్తుంది. డానియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో కొందరికి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి చూశాడు. వాళ్లు ఆపలేకపోయారు సరికదా, తర్వాత ఆలోచించొచ్చు అనగానే, మొదటి నుంచీ ఆలోచించమని చెప్పినవాళ్ల కంటే ఎక్కువసార్లు వాళ్లకు ఎలుగుబంటి గుర్తొచ్చింది. పట్టుదల పాఠాలు చెప్పేవాళ్ల మీద నాకు చిరాకు ఇందుకే. పళ్లు బిగించి రెండు వారాలు నడిపిస్తారు, మూడో వారం మనిషి మొదటికి వస్తాడు, తప్పు అతని మీద వేస్తారు.

మరి చేయాల్సింది ఏమిటి? గుంజుడు శరీరంలో ఎక్కడుందో వెతకండి. గొంతులోనా, ఛాతీలోనా, అరచేతుల్లోనా? బిగుతుగా ఉందా, వేడిగా ఉందా, చీమలు పాకినట్టు ఉందా? పేరు పెట్టండి, ఊపిరి మామూలుగా తీసుకోండి, చూస్తూ ఉండండి. వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లట్ దీన్ని అలతో పోల్చాడు. అల లేస్తుంది, శిఖరానికి వస్తుంది, విరుగుతుంది. దాన్ని ఆపడం మన పని కాదు, దాని మీద తేలడమే. సాధారణంగా కొద్ది నిమిషాల పని, అయితే మొదటిసారి ఆ నిమిషాలు గంటల్లా ఉంటాయి.

ఇక్కడ తెలివైనవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. "చూస్తున్నాను కదా, ఇంకా పోవేం?" అని గడియారం చూస్తారు. అది చూడటం కాదు, అణచడానికి కొత్త పేరు. అది పోవాలని చూడొద్దు, ఉందని చూడండి. ఇంకొందరు "చిన్నప్పుడు ఏం జరిగిందో" అని తవ్వుకుంటూ వెళ్తారు. అది వేరే పని, వేరే సమయంలో చేసుకోండి.

చూశాక కూడా చేయాలనిపిస్తే చేసేయండి. అవును, నిజంగానే. షరతు ఒక్కటే, కళ్లు తెరుచుకుని, మెల్లగా చేయాలి. అర్ధరాత్రి ఫోన్ చూస్తూ నేను ఇలా గమనించిన మొదటి రోజు తెలిసింది, అందులో సరదా ఏమీ లేదని. కళ్లు మండుతున్నాయి, మెడ పట్టేసింది, ఎవరి మీదో అసూయగా ఉంది. ఆ చేదు మనసుకు ఒకసారి నిజంగా తెలిస్తే, మానమని పదిసార్లు చెప్పక్కర్లేదు. 2011లో జడ్సన్ బ్రూవర్ అనే మానసిక వైద్యుడి బృందం 88 మంది పొగతాగేవాళ్ల మీద ప్రచురించిన పరీక్షలో, ఇలా ఎరుకతో చూడటం నేర్చుకున్నవాళ్లలో 31 శాతం మంది 17 వారాల నాటికి సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. మామూలు పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లలో 6 శాతమే. చిన్న పరీక్షే అయినా, నాకు అది ఆశ్చర్యం అనిపించలేదు.

4. చేతికి వేరే పని ఇవ్వండి

గుంజుడును ముందుగానే పట్టుకోగలిగాక మాత్రమే. గోళ్లకైతే పిడికిలి బిగించి ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. ఫోన్‌కైతే దాన్ని వేరే గదిలో పెట్టి, మంచం పక్కన మామూలు అలారం గడియారం పెట్టుకోవాలి. మూడో మెట్టు దాటకుండా ఇక్కడికి దూకితే కొత్త పని కూడా వారంలో వెలిసిపోతుంది.

5. రోజులు లెక్కపెట్టకండి

21 రోజుల మాట మీరూ వినే ఉంటారు. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట అది. రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి *కనీసం* ఇరవై ఒక్క రోజులు పడుతుందని ఆయన గమనించాడు. "కనీసం" ఎక్కడో రాలిపోయింది, ముఖమూ రాలిపోయింది, అంకె మిగిలింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనిస్తే, కొత్త పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18, ఇంకొకరికి అంచనా ప్రకారం 254. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం రాలేదని కూడా తేలింది. కాబట్టి ఒక రోజు జారితే "ఎలాగూ పాడైంది" అని మొత్తం వదిలేయకండి. గీత పెట్టి, టైము రాసి, మరుసటి రోజుకు వెళ్లండి.

నోట్‌బుక్ నిండకముందే అలవాటు సద్దుమణిగితే మిగిలిన పేజీలు చింపకండి, వేరే లెక్కలకు వాడకండి. నా విషయంలో ఎనిమిది నెలల తర్వాత ఒక కష్టమైన నెలలో గోళ్లు మళ్లీ నోటి దగ్గరికి వచ్చాయి. డ్రాయర్‌లోంచి అదే నోట్‌బుక్ తీసి, ఆగిన పేజీ కింద తారీఖు వేసి, మొదటి గీత పెట్టాను.