జనం గొంతు కలిపేలా: విచారణ గాయక బృందాలకు ఒకరోజు శిక్షణ నడిపే పద్ధతి

మేత్రాసనంలో, అంటే ఒక కతోలిక పీఠాధిపతి (బిషప్) పరిధిలో, గాయక బృందాలన్నీ ఒకచోట చేరితే ఎక్కువసార్లు అది పాటల పోటీ అవుతుంది. ఒక్కో విచారణ (ఒక గురువు చూసుకునే స్థానిక సంఘం, పారిష్) నెల రోజులు సాధన చేసిన పాట వినిపిస్తుంది, షీల్డు ఇస్తారు, భోజనాలవుతాయి. తరువాతి ఆదివారం పూజలో మాత్రం పాత పద్ధతే. మైకు దగ్గర పదిమంది పాడుతుంటే గుడి నిండా ఉన్న జనం వింటూ నిలబడతారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రకటించిన దైవార్చన శాసనం 14వ అంశంలో అడిగింది విశ్వాసులందరి సంపూర్ణమైన, ఎరుకతో కూడిన, చురుకైన భాగస్వామ్యం. శిక్షణ ఫలించిందా లేదా అన్నది చూడాల్సింది అక్కడే. వచ్చినవాళ్లు ఎంత బాగా పాడారన్నదాన్ని పక్కన పెట్టి, వాళ్లు ఇంటికెళ్లాక వాళ్ల గుడిలో జనం ఎంత పాడుతున్నారో చూడాలి. కింది ఏర్పాట్లన్నీ అందుకోసమే.

పిలుపు, తేదీ, చోటు

పదిహేను విచారణల నుంచి నలుగురు చొప్పున, మొత్తం అరవై మంది చాలు. బృందం మొత్తాన్ని పిలిస్తే మళ్లీ పోటీ వాతావరణమే వస్తుంది. ఆ నలుగురూ ఎవరన్నది ముఖ్యం: పాట ఎత్తుకునేవాళ్లు ఒకరు, కీబోర్డు వాయించేవాళ్లు ఒకరు, బైబిలు పఠనాల మధ్య వచ్చే కీర్తన పాడగలిగినవాళ్లు ఒకరు, బృందంలో లేని మామూలు విశ్వాసి ఒకరు. ఆ నాలుగో మనిషిని తప్పకుండా తీసుకురమ్మని ఉత్తరంలోనే రాయండి. ‘ఈ పాట నాకు అందట్లేదు’ అని చెప్పగలిగేది ఆ మనిషే.

ఉప విచారణల (విచారణ కింది చిన్న ఊళ్ల) ఉపదేశులను, అంటే అక్కడ ప్రార్థన నడిపించి మతబోధ చేసేవాళ్లను, మరచిపోవద్దు. కీబోర్డు లేని ఊళ్లలో డోలక్, తాళాలతోనో, ఉత్త చప్పట్లతోనో ఉపదేశి గారు పాట ఎత్తుకుంటే ముసలివాళ్ల నుంచి పిల్లల దాకా అందుకుంటారు. ఆ ఊళ్ల నుంచి ఇద్దరు ముగ్గురిని పిలిచి, నేర్పే స్థానంలో కూర్చోబెట్టండి.

పూజ జరిపే గురువులు (ఫాదర్లు) కూడా రావాలి. పూజలో పాటకు మొదటి చోటు గురువుకూ జనానికీ మధ్య జరిగే సంభాషణ. గురువు ఎత్తుకోకపోతే జనం బదులు పాడలేరు. రోజంతా కుదరదంటే పదకొండు గంటల భాగానికైనా రమ్మని పీఠాధిపతి కార్యాలయం ద్వారా అడిగించండి.

తేదీకి బడులు, ఆఫీసులకు సెలవుండే రెండో శనివారం అనుకూలం. సంగీతకారుల పాలకురాలు పునీత సిసిలియా పండుగ నవంబరు 22 అందంగా కనిపిస్తుంది కానీ అప్పటికే క్రిస్మస్ పాటల సాధన మొదలై ఉంటుంది, కొత్తది వినే ఓపిక ఉండదు. కృష్ణా, గుంటూరు ప్రాంతాలవాళ్లు ఫిబ్రవరి 9, 10, 11 గుణదల మాత ఉత్సవాలనూ తప్పించాలి. జూలై, ఆగస్టు నెలలు మేలు. క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలానికి మూడు నెలల వ్యవధి దొరుకుతుంది.

హాలు వద్దు, గుడిలోనే పెట్టండి. ప్రతిధ్వని ఎంత, మైకు శబ్దం ఎక్కడిదాకా వెళ్తోంది, వెనక వరుసకు ఏమి వినిపిస్తోంది అన్నవి పూజ జరిగే చోటే తెలుస్తాయి. ఒక విచారణవాళ్లంతా ఒకేచోట కూర్చోకుండా కలిపి కూర్చోబెట్టండి. అరవై మంది భోజనానికి తొమ్మిది కిలోల బియ్యం సరిపోతుంది.

తొమ్మిదిన్నర: కాగితం మీద గత ఆదివారం

ఉపన్యాసంతో మొదలుపెట్టవద్దు. ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చి మూడు గడులు గీయమనండి: గురువు పాడినవి, బృందం ఒక్కటే పాడినవి, అందరూ పాడినవి. గత ఆదివారం పూజను మొదటినుంచి చివరిదాకా గుర్తు తెచ్చుకుని నింపాలి. ఇరవై నిమిషాలు ఇవ్వండి. చాలా కాగితాల్లో తేలేది ఒకటే: ప్రవేశ గీతం, కానుకల పాట, సత్ప్రసాదం పాట, చివరి పాట. నాలుగూ బృందం గడిలోనే ఉంటాయి.

ఇప్పుడు పూజా సంగీతం గురించి వాటికన్ ఇచ్చిన 1967 మార్చి 5 నాటి ‘ముసికామ్ సాక్రామ్’ ఆదేశపత్రంలోని 28 నుంచి 31 వరకు అంశాలను బోర్డు మీద రాయండి. పూజలో పాడదగిన భాగాలను అది మూడు మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టులో గురువు పలకరింపులు, వాటికి జనం జవాబులు, గురువు చేసే ప్రార్థనలు, సువిశేషం దగ్గరి జయధ్వానాలు, కృతజ్ఞతా ప్రార్థనకు ముందటి సంభాషణ, ‘పరిశుద్ధుడు’, ఆ ప్రార్థన చివరి స్తోత్రానికి ‘ఆమెన్’, పరలోక ప్రార్థన, వీడ్కోలు వస్తాయి. రెండో మెట్టులో ‘ప్రభువా దయచూపుము’, మహిమ గీతం, ‘గొర్రెపిల్ల’, విశ్వాస సంగ్రహం, విశ్వాసుల ప్రార్థన. ప్రవేశం, కానుకలు, సత్ప్రసాదం పాటలూ, పఠనాల మధ్య కీర్తన, అల్లెలూయ గీతమూ మూడో మెట్టువి. మొదటి మెట్టు ఒక్కటే పాడవచ్చు. అది లేకుండా రెండోది, మూడోది మాత్రం పాడకూడదు అంటుంది 28వ అంశం. మన కాగితాలు చూస్తే మూడో మెట్టు నుంచే ఇల్లు కట్టడం మొదలుపెట్టామని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. చివరి పాట సంగతి మరీను, పూజా గ్రంథంలో దానికి చోటే లేదు. పాడితే తప్పు కాదు, కానీ సాధన సమయంలో సగం దానికి పోతుంటే సర్దుకోవాలి.

ఈ ఒక్క పని బాగా జరిగితే మిగతా రోజు తేలిక. గంటంబావు దాకా పట్టినా తొందరపెట్టవద్దు. పెద్దవాళ్లు వాదిస్తారు, వాదించనివ్వండి.

పదకొండు: వాయిద్యాలు కట్టేసి

కీబోర్డు, ప్యాడ్లు అన్నీ ఆపండి. మైకు కూడా వద్దు. గురువు ‘ప్రభువు మీతో’ అని ఎత్తుకోవాలి, అందరూ జవాబు పాడాలి. వరస మేత్రాసనంలో ఆమోదించి వాడుతున్నదే తీసుకోండి, ఇక్కడ కొత్తది కట్టవద్దు. ఇబ్బంది వరసలో ఉండదు, శ్రుతిలో ఉంటుంది. గురువు తనకు వీలైన శ్రుతిలో ఎత్తుకుంటారు, కీబోర్డు ఆయన ఇంకో శ్రుతిలో అందుకుంటాడు, జనం రెండింటి మధ్యా చిక్కి ఊరుకుంటారు. అందుకే గురువు ఎత్తుకున్న శ్రుతిలోనే జవాబు రావాలి, వాయిద్యం దాన్ని సవరించకూడదు. గురువు చేసే ప్రార్థనల వెనక మెల్లగా కీబోర్డు మోగించే అలవాటునూ ఇక్కడే ఆపించండి. పూజా గ్రంథ సాధారణ సూచనలు 32వ అంశంలో ఆ సమయంలో వాయిద్యాలు మౌనంగా ఉండాలని స్పష్టంగా ఉంది.

తరువాత ‘పరిశుద్ధుడు’, చివరి ‘ఆమెన్’. అన్ని విచారణలకూ తెలిసిన ఒకే వరస ఎంచుకుని పదిసార్లయినా పాడించండి. విచారణ పండుగలకు పక్క ఊళ్ల జనం వచ్చినప్పుడు అందరూ కలిసి పాడగలిగేది అదే.

పన్నెండుంబావు: కీర్తన

మొదటి పఠనం తరువాతి కీర్తన దేవుని వాక్యంలో భాగం. దాని బదులు వేరే భక్తిపాట పాడకూడదని సాధారణ సూచనలు 61వ అంశం చెబుతుంది. అయినా చాలాచోట్ల దాన్ని చదివేస్తారు, లేదా ఏదో ఒక పాట పల్లవి పెట్టేస్తారు. రెండూ మానాలి. జనం పాడే జవాబు పంక్తి ఎనిమిది నుంచి పన్నెండు అక్షరాలు మించకుండా, అయిదు స్వరాల లోపల ఉండేలా కట్టండి. కీర్తన పాడేవాళ్లు ఒకసారి ఒంటరిగా పాడితే జనం వెంటనే తిరిగి పాడగలగాలి. రెండోసారి వినాల్సి వచ్చిందంటే అది కష్టమైనట్టే, సులువు చేయండి.

వరస కట్టేటప్పుడు హ్రస్వాలు, దీర్ఘాలు చూసుకోండి. ‘ప్రభువు నా కాపరి’లో సాగదీయదగినవి ‘నా’, ‘కా’. తాళం కోసం ‘వు’ను సాగదీస్తే అది ‘వూ’ అవుతుంది, వినేవాడికి మాట విరిగిపోతుంది. ఊపిరి తీసుకునే చోటు కూడా మాట చివరే ఉండాలి, సమాసం మధ్యలో ఉండకూడదు. సినిమా వరసలకు దేవుని మాటలు అతికించినప్పుడు మొదట దెబ్బతినేవి ఇవే.

చరణాలు ఒకే గొంతు పాడాలి, పఠన వేదిక నుంచే పాడాలి. ముగ్గురు నలుగురు కలిసి పాడితే మాట తెలియదు. ప్రతి విచారణకూ ఒక ఆదివారం కీర్తన ఇచ్చి, అరగంటలో జవాబు పంక్తి కట్టి పాడి వినిపించమనండి. సామాన్య కాలపు ఆదివారాలవి ఇస్తే ఇంటికెళ్లాక వెంటనే పనికొస్తాయి.

భోజనం ఒకటిన్నరకల్లా ముగించండి. రెండుముప్పావుకు పూజ మొదలైతే సత్ప్రసాదం మూడున్నర ప్రాంతంలో వస్తుంది, గంట ఉపవాస నియమానికి ఇబ్బంది ఉండదు.

ఒంటిగంట నలభై: శ్రుతి, మైకు

జనం పాడకపోవడానికి భక్తి తక్కువని నిందించే ముందు కీబోర్డు చూడండి. సాధన లేని గొంతుకు హాయిగా అందేది ఆడవాళ్లకు మధ్య సి కింద ఉన్న ఏ నుంచి పై స్థాయి డి వరకు; మగవాళ్లకు అదే ఒక స్థాయి కింద. పాట ఎత్తుకునే అమ్మాయి గొంతుకు కుదిరిన స్కేలులో పాట పై ఎఫ్ దాకా వెళ్తుంటే జనం పల్లవిలోనే ఆగిపోతారు. చేయాల్సింది ఇది: పాటలోని అన్నిటికన్నా పై స్వరం పట్టుకోండి, అది డి అయ్యేదాకా కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట తగ్గించండి. ఎఫ్ నుంచి డికి మైనస్ మూడు. ఉదయం ఆరింటి పూజకు గొంతులు ఇంకా తెరుచుకోవు కాబట్టి మరొకటి తగ్గించండి. అప్పుడు కింది స్వరం ఏ కంటే దిగిపోతుంటే ఆ పాట వ్యాప్తి జనానికి పెద్దది, చరణం బృందానికి వదిలేసి పల్లవి మాత్రం జనానికి ఇవ్వండి. ప్రతి పాట పక్కన స్కేలు, ట్రాన్స్‌పోజ్ సంఖ్య పెన్సిలుతో రాసుకునే అలవాటు ఈ రోజే చేయించండి.

కీబోర్డులోని ఆటో రిథమ్ జనం ఊపిరి కోసం ఆగదు. పంక్తి చివర అరక్షణం ఆగే చోట యంత్రం ముందుకు పోతుంది, వృద్ధులు వెనకపడతారు, మూడో పంక్తికి మానేస్తారు. చేత్తో వాయించడం వచ్చినవాళ్లు రిథమ్ ఆపేయండి. రానివాళ్లు కనీసం వేగం తగ్గించండి. పల్లవికీ చరణానికీ మధ్య పొడుగాటి సంగీతం ప్రవేశ గీతంలో అనవసరం. గురువు పీఠం దగ్గరకు చేరేసరికి పాట రెండో చరణంలోకి కూడా రాదు.

మైకు విషయం వేరే చెప్పాలి. బృందానికి నాలుగు మైకులుంటే జనానికి తమ గొంతు తమకే వినపడదు, వినపడనివాడు పాడడు. పాట ఎత్తుకునే ఒక్కరికే మైకు ఇవ్వండి. చరణంలో నోటికి జానెడు దూరం, జనం పల్లవి అందుకోగానే రెండడుగులు వెనక్కి. ఈ కదలికను అందరితో చేయించి చూపించండి, గుడి వెనక నిలబడి విన్నవాళ్లకు తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

తరచూ జరిగే తప్పులు

మహిమ గీతం బదులు ‘మహిమ’ అన్న మాట వచ్చే ఏదో పాట పాడతారు. సాధారణ సూచనలు 53వ అంశం ప్రకారం ఆ పాఠాన్ని మార్చకూడదు. ఆగమన, తపస్సు (ఈస్టర్‌కు ముందటి) కాలాల ఆదివారాల్లో అది ఉండదు. శాంతి సంకేతం దగ్గర ప్రత్యేకంగా శాంతి గీతం పాడతారు. రోమను ఆచారంలో అలాంటి పాట లేదని, దాన్ని మానాలని వాటికన్ దైవార్చన విభాగం 2014 జూన్ 8 నాటి లేఖలో చెప్పింది. ఆ పాట మూలంగా రొట్టె విరిచేటప్పుడు పాడాల్సిన ‘గొర్రెపిల్ల’ చదివేసే మాటగా మిగిలిపోతోంది. సత్ప్రసాదం పాట బృందం సత్ప్రసాదం తీసుకున్నాక మొదలుపెడతారు. అది గురువు స్వీకరిస్తుండగానే మొదలవ్వాలి, బృందం వంతులవారీగా వెళ్లాలి. తపస్సు కాలంలో వాయిద్యం పాటకు ఆసరాగా మాత్రమే మోగాలి, నాలుగో ఆదివారం, మహోత్సవాలు, పండుగలు మినహా. అల్లెలూయ ఆ కాలమంతా ఉండదు.

మౌనం కూడా భాగస్వామ్యమే. సత్ప్రసాదం తరువాత రెండు నిమిషాలు ఏమీ మోగకూడదు. కీబోర్డు వాయించేవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టం, పూజలో దీన్ని కావాలని చేయించండి.

ముగింపు పూజ, ఆ తరువాత

పూజ చివర్లో పెట్టండి, ఉదయం నేర్చుకున్నదంతా అక్కడ పాడాలి. బృందమంటూ విడిగా ఉండదు, అరవై మందీ జనమే. సంభాషణలు, ‘పరిశుద్ధుడు’, ‘ఆమెన్’, కీర్తన వాయిద్యం లేకుండా, మిగతావి సన్నని వాయిద్యంతో.

పూజయ్యాక అరగంటలో ప్రతి విచారణా తమ వచ్చే నాలుగు ఆదివారాల కాగితం నింపి వెళ్లాలి: ఆ రోజు పఠనాలు, కీర్తన జవాబు పంక్తి, పాటలు, వాటి స్కేలు, ఎవరు ఎత్తుకుంటారు, జనం ఏ భాగం పాడతారు. మొదటి నెల మార్చేది సంభాషణలు, ‘పరిశుద్ధుడు’ మాత్రమే. కీర్తన రెండో నెలలో. కొత్త పాట నెలకు ఒకటి మించకూడదు. పూజకు అయిదు నిమిషాల ముందు పల్లవి మాత్రం నేర్పి, అదే పాట వరసగా నాలుగు ఆదివారాలు పాడాలి.

ఆరు వారాలకు నిర్వాహకుల్లో ఒకరు ప్రతి విచారణకూ వెళ్లి వెనకనుంచి మూడో వరుసలో కూర్చోవాలి. ప్రవేశ గీతం రెండో పల్లవికి బృందాన్ని ఆగమని ముందే చెప్పి ఉంచండి. పాట నిలబడితే సరే. ఆగిపోతే స్కేలు, మైకు, పాట జనానికి అలవాటయిందా అన్నవి ఆ వరుసలోనే చూసి, అక్కడికక్కడే ఆ బృందంతో మాట్లాడి, మరో నెలకు మళ్లీ వెళ్లండి.