జువ్వి మొగ్గ విచ్చేలోపు: ఆకు రాల్చే బోన్సాయ్‌ల కత్తిరింపు

మా డాబా మీద ట్రేలో పొట్టిగా పెంచుతున్న జువ్వి బోన్సాయ్ మొన్న ఆదివారం ఆకు రాల్చడం మొదలుపెట్టింది. పొద్దున ఊడ్చిన చోటే సాయంత్రానికి మళ్లీ పసుపు ఆకులు. ఏడాదిలో నాకు అన్నిటికన్నా టెన్షన్‌గా ఉండే రోజులివి. ఆకంతా రాలి చెట్టు మోడయినప్పటి నుంచి కొత్త మొగ్గ విచ్చేదాకా మా డాబా మీద వారం, మహా అయితే పది రోజులు ఉంటుంది. చెట్టు రూపాన్ని మార్చే పెద్ద కత్తిరింపు ఆ లోపే అయిపోవాలి.

2016లో, కృష్ణా పుష్కరాల ఏడు, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి సన్‌షేడ్ పగులులో మొలిచిన మొక్క ఇది. నిజానికి నేను రావిని పెంచాలనుకున్నాను. మా అత్తయ్య ఒప్పుకోలేదు. ‘రావిని కుండీలో పెట్టి కత్తెర వేస్తావా అమ్మా, వద్దు’ అన్నారు. ఆవిడ మాట కాదనలేక జువ్విని తెచ్చి ట్రేలో పెట్టాను. రావికి చుట్టమే ఇది. గిల్లితే అవే తెల్లటి పాలు, ఎండాకాలం ముందు అలాగే ఆకు రాల్చడం, ఆ తర్వాత అలాగే రాగి రంగు చిగురు.

మొదటి రెండేళ్లు వీడియోలు చూసి డిసెంబర్‌లో కత్తిరించాను. చలికాలంలోనే కొట్టాలని అందరూ చెప్పారు. రెండోసారి మంచి కొమ్మలు రెండు కొసల నుంచి మొదలు దాకా ఎండిపోయాయి. వాళ్లు చెప్పింది తప్పు కాదు, వాళ్ల ఊరికి అది సరైనదే. చల్లటి దేశాల్లో మేపుల్, ఎల్మ్ లాంటి చెట్లు చలికి ఆకు రాల్చి నెలల తరబడి నిద్రపోతాయి. రాల్చే ముందే ఆకులోని సారం చాలావరకు కొమ్మలోకి, వేరులోకి లాక్కుంటాయి. అందుకే అక్కడ చలి చివర్లో, మొగ్గ ఉబ్బే ముందు కత్తెర పడుతుంది. విజయవాడలో జనవరి రాత్రుల్లో కూడా 18, 19 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన చెట్లు రాల్చేది మంచుకు కాదు, పొడి గాలికి. డిసెంబర్‌లో నా జువ్వి ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి, ఎదుగుదల మాత్రం మందగించింది. అప్పుడు కోస్తే ఆకులోని సారం చెట్టుకు దక్కలేదు, గాయం మానే వేగమూ లేదు. ఆన్‌లైన్‌లో జపాన్ మేపుల్ మొక్కలు తెప్పించుకునే వాళ్లకు నేను చెప్పేదీ ఇదే. దానికి కావలసిన చలి మన ఊళ్లో లేదు, దాన్ని బాధపెట్టొద్దు.

కాబట్టి తారీఖు చూడకండి, మొగ్గను చూడండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక రోజూ పొద్దున్నే కొమ్మ కొసలు గమనించాలి. ఆకులు రాలిపోయి, కొస మొగ్గ గట్టిగా సూదిలా ముడుచుకుని ఉంటే అదే సమయం. మొగ్గ లావెక్కి పొర జారుతోందంటే ఆలస్యమైనట్టే. చెట్టు దాచుకున్న బలమంతా ఆ చిగురుకు పోతుంటే మనం దాన్నే కోసి పారేస్తాం.

కత్తెర పట్టుకునే ముందు ఒక సాయంత్రమంతా చెట్టు ఎదురుగా కూర్చోండి. ఆకు లేనప్పుడే కొమ్మల లెక్క తేలుతుంది. నేను ముందు వెతికేది ఒకే చోట నుంచి మూడు నాలుగు కొమ్మలు పుట్టాయా అని. అలా వదిలేస్తే ఆ చోట కాండం ముద్దలా ఉబ్బి, కింద సన్నగా, పైన లావుగా తయారవుతుంది. తర్వాత దాన్ని సరిచేయడం చాలా కష్టం. ఒకటి, లేదా రెండు ఉంచి మిగతావి తీసేస్తాను. ఆ తర్వాత నిట్టనిలువుగా లేచినవి, కిందికి వేలాడేవి, ఒకదాన్నొకటి రాసుకునేవి. తీయాలా వద్దా అని అనుమానం వచ్చిన కొమ్మకు దారం కట్టి మర్నాడు మళ్లీ చూస్తాను. తీసిన కొమ్మను తిరిగి అతికించలేం కదా.

పైనుంచి మొదలుపెట్టాలి, పైనే ఎక్కువ కోయాలి. కొస మొగ్గ కింది మొగ్గలను అణచి ఉంచుతుంది. అది ఉన్నంతకాలం బలమంతా నెత్తికే పోతుంది, కింది కొమ్మలు చిక్కిపోతాయి. కొస తీసేస్తే నిద్రపోతున్న కింది మొగ్గలు లేస్తాయి. కొత్త కొమ్మ ఎటు సాగాలనుకుంటున్నారో అటు చూసే మొగ్గకు కాస్త పైన కోయండి. జువ్వికి మాత్రం మొగ్గ పైన అర అంగుళం మొద్దు వదులుతాను. కోసిన చోట నుంచి కొంచెం వెనక్కి ఎండే గుణం దానికి ఉంది. ఎండిన ముక్కను వానల్లో తీసేస్తాను. మొత్తం కొమ్మల్లో మూడో వంతుకు మించి ఒకే ఏడు తీయవద్దు.

పాలు కారుతుంటే స్ప్రేతో నీళ్లు కొట్టండి, ఆగుతాయి. చేతికి, కంటికి తగలనివ్వొద్దు. చిటికెన వేలికన్నా లావైన గాయమైతే పేస్ట్ పూయాలి. వేపకు, దానిమ్మకు నేను బోర్డో పేస్ట్ వాడతాను. బత్తాయి, నిమ్మ తోటల రైతులు వాడేదే, మైలుతుత్తం, సున్నం, నీళ్లు. ప్లాస్టిక్ డబ్బాలో కలపండి, ఇనుప గిన్నె వద్దు. చెట్టు మారినప్పుడల్లా కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి.

కోసిన తర్వాత నీళ్ల విషయంలో చాలామంది పొరపడతారు. ఆకు లేని చెట్టు తాగేది చాలా తక్కువ. జాలిపడి రెండు పూటలా పోస్తే వేరు కుళ్లుతుంది. మట్టిలో వేలు పెట్టి, పైన పొడిగా ఉంటేనే పోయండి. కొత్త ఆకు ముదిరి ముదురాకుపచ్చ తిరిగేవరకు ఎరువు వద్దు. ఆ తర్వాత వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు బాగా పలచగా చేసి, పదిహేను రోజులకోసారి.

ఇక ఏడాదంతా చేసే చిన్న కత్తిరింపు తేలిక. కొత్త రెమ్మ ఆరేడు ఆకులు వేయనిచ్చి రెండు ఆకులకు తగ్గించాలి. కొమ్మ లావెక్కాలంటే మాత్రం దాన్ని ముట్టుకోకుండా సాగనివ్వాలి. చింతకు, వేపకు కూడా పెద్ద కత్తిరింపు, చిన్న కత్తిరింపు రెండూ ఇలాగే. కుండీలో ఉండి రోజూ నీళ్లు తాగే చింత ఒక్కోసారి పూర్తిగా మోడవదు, పాత ఆకు పలచబడి కొత్త చిగురు పొటమరించే ముందు కోస్తే చాలు. దానిమ్మ కొసలన్నీ కోసేస్తే ఆ ఏడు పూత తగ్గుతుంది, కొన్ని వదలండి.

ఆకులన్నీ తుంచి చిన్న ఆకులు రప్పించే పని గురించి ఒక్క మాట. 2019లో, అప్పుడే వేరు కోసి ట్రే మార్చిన ఇంకో జువ్వికి రోహిణి కార్తెలో ఆకులు తుంచాను. రోళ్లు పగిలే ఎండలో నీడ లేని బెరడు ఒక పక్కంతా మాడిపోయింది, చెట్టు దక్కలేదు. ఆ ట్రే ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మృగశిర దాటి వానలు కుదురుకున్నాక, అదీ బలంగా ఉన్న చెట్టుకే, ఆ ఏడు వేరు కోయని దానికే చేయండి. తొడిమ వదిలి ఆకు మాత్రమే కత్తిరించాలి. తొడిమ మొదట్లోనే తర్వాతి మొగ్గ ఉంటుంది.

ఇవాళ పొద్దున చూస్తే జువ్వి నెత్తిన ఇంకా ఐదారు ఆకులున్నాయి. ఎడమవైపు మూడో కొమ్మకు దారం కట్టాను. మొగ్గలు ఇంకా సూదుల్లాగే ఉన్నాయి.