ఇంగ్లీషు పోలిక పదాల ప్రశ్నలకు జవాబు గుర్తించే ముందు

ఆప్షన్ల వైపు చూడకముందే వాక్యం చివరిదాకా చదవండి. పోలిక ఇద్దరి మధ్యనా, ఇద్దరికి మించా అన్నది తేల్చుకోండి. ఇద్దరైతే 'టాలర్', అంతకు మించితే 'ది టాలెస్ట్'.

– 'మోర్' పక్కన 'బెటర్' కనిపిస్తే తప్పే. 'మచ్ బెటర్' మాత్రం ఒప్పు.

– 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్ఫీరియర్' తర్వాత 'టు' రావాలి. చెయ్యి అలవాటుగా 'దాన్' వైపు పోతుంది, ఆపుకోండి.

– అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దేనిని దేనితో పోలుస్తున్నారన్న దానిపైనే. 'ది టెయిల్ ఆఫ్ ఎ ఫాక్స్ ఈజ్ లాంగర్ దాన్ ఎ రాబిట్' చూడండి. వినడానికి బాగానే ఉంది, కానీ నక్క తోకను కుందేలు మొత్తంతో పోల్చింది! తోకను తోకతోనే పోల్చాలి కాబట్టి 'దాన్ దట్ ఆఫ్ ఎ రాబిట్' అనాలి. పోల్చేవి బహువచనమైతే 'దట్' స్థానంలో 'దోజ్'. తెలుగులో 'కుందేలు కంటే' అన్నా అర్థమైపోతుంది కనుక మన పిల్లలు ఇక్కడే ఎక్కువగా మోసపోతారని నా అభిప్రాయం.

– 'దాన్ ఎనీ అదర్' తర్వాత నామవాచకం ఏకవచనం: 'బాయ్'. 'వన్ ఆఫ్ ది టాలెస్ట్' తర్వాత బహువచనం: 'బాయ్స్'. ఈ రెంటినీ పక్కపక్కన రాసుకుని చదవండి.