సీటు కింద సబ్‌వూఫర్ – 3వ పాఠం: తలుపు స్పీకర్లతో జత కుదర్చడం

గత పాఠంలో బ్యాటరీ పక్కన ఫ్యూజ్ పెట్టి, కరెంటు తీగను కార్పెట్ కింద నుంచి సీటు దాకా తెచ్చి, గ్రౌండ్ తీగను రంగు గీకిన లోహానికి గట్టిగా బిగించాం. సీటు కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి కాబట్టి వాటిని ముట్టుకోవద్దని కూడా చెప్పుకున్నాం. ఈ పాఠంలో స్క్రూడ్రైవర్‌తో పని తక్కువ, చెవితో పని ఎక్కువ.

ముందుగా ఈ సబ్‌వూఫర్, అంటే మంద్రస్థాయి ధ్వనులను (బాస్) మాత్రమే పలికే పెట్టె, ఏం చేయగలదో తెలుసుకోవాలి. సాధారణంగా 8 అంగుళాల స్పీకరును పలచని పెట్టెలో అమర్చి ఉంటారు కనుక, డిక్కీలో పెట్టే 12 అంగుళాల సబ్‌వూఫర్‌లా అద్దాలు అదిరేంత మోత దీని నుంచి ఆశించకూడదు. నా దృష్టిలో దీని అసలు ప్రయోజనం వేరు. తలుపుల్లోని చిన్న స్పీకర్లు మోయలేని మంద్రస్థాయి బరువును ఇది తన మీద వేసుకుంటుంది. అప్పుడు ఆ స్పీకర్లు గొంతును, వీణను, వయొలిన్‌ను ఇంకా తేటగా పలుకుతాయి.

ఆ బరువు ఎక్కడ చేతులు మారాలో నిర్ణయించేదే క్రాసోవర్. సబ్‌వూఫర్ మీది లో పాస్ నాబ్‌ను (అది పెట్టిన అంకెకు కింది ధ్వనులనే పంపుతుంది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. మీ స్టీరియోలో పై ధ్వనులనే పంపే హై పాస్ సౌకర్యం ఉంటే తలుపు స్పీకర్లకు కూడా అదే 80 ఇవ్వండి. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కనుక, 80 హెర్ట్జ్ తరంగం పొడవు 4.3 మీటర్ల దాకా వస్తుంది. అది మన చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు మొత్తం పొడవు కంటే ఎక్కువ. అంత పొడవైన తరంగం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కాబట్టే, పెట్టె సీటు కింద ఉన్నా మృదంగం ఎడమచేతి నాదం ఎదురుగా, గాయకుడి పక్కనుంచే వస్తున్నట్టు ఉంటుంది. నాబ్‌ను 120 దాటించి చూడండి, మగ గొంతులోని బరువు తొడల కింద నుంచి వినిపించి రసభంగం అవుతుంది.

ఇక ఫేజ్ మీట, అంటే సబ్‌వూఫర్ తరంగాన్ని మామూలుగా (0) గానీ తలకిందులుగా (180) గానీ పలికించే స్విచ్. చాలామంది దీన్ని తాకనైనా తాకరు, కానీ ఈ పాఠమంతటిలో నేను ఎక్కువ శ్రద్ధ కోరేది దీని మీదే. 80 హెర్ట్జ్ చుట్టుపక్కల తలుపు స్పీకరు, సబ్‌వూఫర్ రెండూ కలిసి పలుకుతాయి. మీ చెవి దగ్గర ఒకటి గాలిని నెట్టే క్షణంలో రెండోది లాగితే, రెండూ ఒకదాన్నొకటి చెరుపుకుని బాస్ పలచబడుతుంది. నా మొదటి కారులో సరిగ్గా ఇదే జరిగింది. బాస్ చాలడం లేదని గెయిన్ (సబ్‌వూఫర్‌కు అందే సంకేతాన్ని పెంచే నాబ్) పెంచుకుంటూ పోయాను, సీటు అదిరిందే తప్ప పాట నిండలేదు. రెండు వారాల తరువాత మీటను 0 నుంచి 180కి మార్చగానే, గెయిన్ సగానికి తగ్గించినా బాస్ నిండుగా వచ్చింది. మీరు డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపులన్నీ మూసి, 80 హెర్ట్జ్ పరీక్షా ధ్వనిని గానీ బాస్ గిటార్ స్పష్టంగా ఉన్న పాటను గానీ పెట్టుకోండి. వెనక సీట్లోని మనిషిని మీట అటూ ఇటూ మార్చమనండి. ఏ స్థానంలో బాస్ బలంగా వినిపిస్తే అదే సరైనది.

గెయిన్ చివరి పని. దాన్ని పూర్తిగా తగ్గించి, స్టీరియో శబ్దాన్ని మీరు ఎప్పుడూ దాటని స్థాయికి పెంచి, సబ్‌వూఫర్ ఉనికి విడిగా తెలిసే వరకు మెల్లగా తిప్పి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తీసుకురండి. మంద్రస్థాయిని అదనంగా పెంచే బాస్ బూస్ట్ మాత్రం సున్నాలోనే ఉంచండి. 6 డెసిబెల్ పెంచాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి, ఈ చిన్న యాంప్లిఫయరు దగ్గర అంత మిగులు ఉండదు.

ఈ పని అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఇంజిన్ నడుపుతూ చేయకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. ఆదివారం పొద్దున్నే ఏదైనా నిశ్శబ్దమైన వీధిలో ఆపుకోండి.

ఒక చిక్కు మిగిలింది. బెంగళూరులో సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఆగి ఉన్న కారులో సరిగ్గా కుదిరిన బాస్, దేవనహళ్ళి దాటి 44వ నంబరు హైవే మీద అనంతపురం వైపు వేగంగా పోతుంటే చాలనట్టు అనిపిస్తుంది, ఎందుకంటే టైర్ల రొద ప్రధానంగా కింది స్థాయి ధ్వనులనే కప్పేస్తుంది. అందుకోసం గెయిన్‌ను కదపవద్దు. పెట్టెతో వచ్చిన తీగ రిమోట్ నాబ్‌ను డ్రైవరు చేతికి అందేలా అమర్చి, ఊరికి ఒక గుర్తు, హైవేకి ఒక గుర్తు మార్కర్‌తో పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసంగా, బాగా తెలిసిన మూడు పాటలను రెండు ఫేజ్ స్థానాల్లోనూ విని తేడాను కాగితం మీద రాసుకోండి. తలుపు ప్యానెల్ గాని, నంబరు ప్లేటు గాని గడగడలాడితే ఏ పాటలో, ఏ చోట అన్నది కూడా రాయండి, వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పని మొదలవుతుంది.